బీట్‌రూట్ మాస్టారి సాక్ష్యం

"తొంభై ఆరు, యాభై ఎనిమిది," అంది కృపాకుమారి. నమ్మకం కుదరక బీపీ మిషను పట్టీ మళ్ళీ బిగించింది.

రెండోసారీ అంతే వచ్చింది.

దైవాధీనం నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. వాటి మీద తెల్లటి పట్టీ వేశారు. అయినా ఆయన మంచం మీద స్కూలు గ్రౌండులో నిలబడ్డట్టే వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ముప్పై మూడేళ్ళు డ్రిల్లు మాస్టారుగా గుడివాడ పిల్లల్ని పరిగెత్తించిన మనిషి. నిన్న మధ్యాహ్నం బాత్రూములో కళ్ళు తిరిగి పడిపోయినందుకు ఆయనకి నొప్పి కంటే నామోషీ ఎక్కువగా ఉంది.

"చూశావా అమ్మాయ్," అన్నాడు కోడలితో. "అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇంత తక్కువ బీపీ ఎంతమందికి ఉంటుంది?"

"ఎవరికీ ఉండకూడదు మావయ్యగారూ. అందుకే పడ్డారు."

కృపాకుమారి బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మామగారు పడ్డారని తెలియగానే మొగుడు ప్రేమ్ సాగర్‌ని పిల్లలకి కాపలా పెట్టి, నాలుగు రోజులు సెలవు రాసి, తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కింది. బీపీ బిళ్ళ ఏ వేళకి వేసుకున్నారని అడిగింది. బిళ్ళ ముఖం చూసి పద్నాలుగు నెలలైందన్నాడు ఆయన. రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు బీట్‌రూట్ రసం, అంతే. ఆ సంగతి గుడివాడలో వాకింగుకి వచ్చే ప్రతివాడికీ తెలుసు. ఆయన్ని అందరూ బీట్‌రూట్ మాస్టారు అనే పిలుస్తారు. ఈ ఆదివారం దివిసీమలో చర్చివాళ్ళ సభలో సాక్ష్యం చెబితే ఇంకో ఐదొందల మందికి తెలుస్తుంది.

గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య సువర్ణ చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి తప్పుకుంది.

కోడలు వెనకాలే వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"బీట్‌రూట్ బీపీ తగ్గిస్తుంది అత్తయ్యా, నేను కాదనను. నాలుగు పాయింట్లు తగ్గిస్తుంది, ఐదు తగ్గిస్తుంది. నూట డెబ్భై ఉన్న మనిషిని తొంభై ఆరుకి దించే దుంప నేను చదివిన పుస్తకాల్లో లేదు."

సువర్ణ చెయ్యి గట్టు మీద ఏదో దాచబోయి ఆగిపోయింది. కృపాకుమారి ఆ చేతిని పక్కకి జరిపింది. ఒకదాంట్లో ఒకటి అమర్చిన రెండు స్టీలు చెంచాలు. కింది చెంచాలో తెల్లటి పొడి అంటుకుని ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసింది సువర్ణ. నులిపురుగుల బిళ్ళ మింగమంటే పళ్ళు బిగించుకునే పిల్లల్ని వందల మందిని చూసింది. రెండు చెంచాల మధ్య బిళ్ళ పెట్టి బొటనవేలితో నొక్కితే పొడి అవుతుంది. కాస్త చక్కెర నీళ్ళలో కలిపితే పిల్లాడికి తెలియకుండానే గొంతు దిగుతుంది. మొగుడు బిళ్ళలు కాలవలో పారేసి వచ్చిన రోజే ఆమె మందుల షాపుకి వెళ్ళి కొత్త అట్ట కొనుక్కొచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది కృపాకుమారి.

"ఆయన మానేసిన రోజు నుంచి."

"ఒక్కరోజు కూడా తప్పకుండానా?"

"నాకు జ్వరం వచ్చిన రోజు కూడా లేచి కలిపాను."

కృపాకుమారి స్టూలు మీద కూలబడింది. అసలేం జరిగిందో ఆమెకి ఇప్పుడు అర్థమైంది. ఈస్టరు ముందు శ్రమదినాలని బుధవారం, శుక్రవారం మూడింటి దాకా ఉపవాసం. ఉప్పు మానేశాడు. మార్చి ఎండ మండిపోతోంది. ఖాళీ కడుపులో బీట్‌రూట్ రసం, అందులో బిళ్ళ. అన్నీ కలిసి ఒకేసారి మనిషిని కిందకి లాగేశాయి. బాత్రూములో కాబట్టి నాలుగు కుట్లతో పోయింది, డాబా మెట్ల మీదైతే ఏమయ్యేది అని అడిగింది.

"బిళ్ళే లేకపోతే ఏమయ్యేది?" అంది సువర్ణ. "ఈపాటికి సమాధుల దొడ్డిలో ఉండేవారు. నేను తప్పు చేశానని నువ్వు అనుకో, నేను మాత్రం అనుకోను."

"ఆయన సంగతి సరే. ఆయన మాట విని బిళ్ళలు ఆపేసిన వాళ్ళ గ్లాసుల్లో ఎవరు కలుపుతున్నారు?"

సువర్ణ గట్టు మీద చెంచాలు తీసి కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

"ఆయనకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"కలిపింది నేను. నేనే చెబుతాను."

*

చెప్పింది. మంచం ఎదురుగా నిలబడి, ఉన్నది ఉన్నట్టు, ఏడవకుండా చెప్పింది. ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడని అనుకుంది. ఆయన నవ్వాడు.

"దివిసీమ సభ ఆపడానికి అత్తాకోడళ్ళు కలిసి మంచి కథే అల్లారు."

ఆమె మందుల అట్ట చూపించింది. ఎవరిదైనా కావచ్చన్నాడు. షాపువాడు మధుసూదనరావుని అడగమంది. ఆడవాళ్ళు చెప్పమంటే వాడు ఏదైనా చెబుతాడన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. మొదట్లో సువర్ణ కూడా ఆయనతో పాటే రసం తాగేది. ఆరు నెలలకి కిడ్నీలో రాయి తేలి మెలికలు తిరిగిపోతే, నీ ఒంటికి బీట్‌రూట్, పాలకూర పనికిరావని డాక్టరు చెప్పాడు. విశ్వాసం చాలలేదని దైవాధీనం అప్పట్లోనే తేల్చేశాడు.

"నీకు పడలేదు," అన్నాడు ఇప్పుడు. "నీకు పడనిది నాకు పడిందని నీ ఏడుపు."

సువర్ణ ముఖం బిగుసుకుంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆమె ఎన్నోసార్లు మాట మింగింది. ఈ మాట మింగలేదు.

"అయితే తేల్చుకుందామండీ. రేపటి నుంచి మీ రసం మీరే చేసుకోండి. మీ గ్లాసు నేను ముట్టుకోను. పొద్దున్నే కృప బీపీ చూస్తుంది. ఆదివారానికి మూడు పొద్దులున్నాయి. బీపీ పెరగకపోతే సభలో నేను మీ వెనకాల లేచి నిలబడతాను."

"పెరిగితే?"

"మీరు నోరు విప్పకూడదు."

వాళ్ళ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. స్వస్థత సాక్ష్యం ఎవరు చెప్పినా, ఆ ఇంటి మనిషి ఒకరు లేచి 'అవును, నేనెరుగుదును' అనాలి. అప్పుడే అది సాక్ష్యం కింద లెక్క. లేకపోతే పాస్టరు దాన్ని పక్కన పెట్టేస్తాడు. పోయిన ఏప్రిల్లో గుడివాడ చర్చిలో దైవాధీనం సాక్ష్యం చెప్పినప్పుడు సువర్ణ లేచి ఆ మాట అంది. అప్పుడు బిళ్ళల అట్ట ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. పదిమందిలో మొగుడి పరువు పోకూడదనుకుంది తప్ప, ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు ఆలోచించలేదు.

ఫోను చేసి అడిగితే కుట్లు వేసిన డాక్టరు కూడా బీపీ ఇంత తక్కువ ఉండగా రెండు మూడు రోజులు ఏ మందూ వద్దనడంతో కృపాకుమారి పందేనికి అడ్డు చెప్పలేదు. ఒక్క షరతు పెట్టింది. నూట ఎనభై దాటితే ఎవరి మాటా వినదు, ఆటో పిలుస్తుంది.

"పిలువు," అన్నాడు దైవాధీనం. "ఖాళీ ఆటో వెనక్కి పంపిద్దువుగాని."

*

శుక్రవారం పొద్దున ఐదింటికి వంటింట్లో మిక్సీ మోగింది. మూత బిగించడం రాక గోడ మీద, గ్యాసు పొయ్యి మీద, తన బనీను మీద ఎర్రగా చిమ్మించుకున్నాడు దైవాధీనం. సువర్ణ లేవలేదు. కళ్ళు మూసుకుని పడుకునే అంతా వింది.

నూట పద్దెనిమిది వచ్చింది. ఆయన ఆ అంకెని క్యాలెండరు మీద పెద్దగా రాసి, కింద గీత గీశాడు. టిఫిను దగ్గర కూనిరాగం తీశాడు.

శనివారం నూట నలభై ఎనిమిది. మిషన్లో బ్యాటరీ అయిపోయిందన్నాడు. కృపాకుమారి కొత్త బ్యాటరీలు వేసింది. నూట యాభై వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదన్నాడు, చెయ్యి మార్చమన్నాడు. ఆ చేతికీ అంతే. క్యాలెండరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

పదింటికి సువర్ణ ఫోను మోగింది. అవతల చిట్టెమ్మ.

చిట్టెమ్మ మొగుడు సాల్మన్ రాజు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. దైవాధీనంతో రోజూ వాకింగుకి వచ్చేవాడు. మాస్టారి సాక్ష్యం విని బీపీ బిళ్ళలు మానేసినవాళ్ళలో మొట్టమొదటివాడు. పొద్దున పేపరు చదువుతుంటే పేపరు చేతిలోంచి జారిపోయిందట. మూతి పక్కకి పోయిందట. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయట. ఆసుపత్రిలో చేర్చారు.

విన్నది విన్నట్టు సువర్ణ మొగుడికి చెప్పింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"వాడు నేను చెప్పినట్టు తాగేవాడు కాదు," అన్నాడు. "చక్కెర కలుపుకునేవాడు. అల్లం మానేశాడు."

"అల్లం కాదండీ. ఆయన గ్లాసులో బిళ్ళ కలిపేవాళ్ళు ఎవరూ లేరు."

దైవాధీనం ఇటు తిరగలేదు. సువర్ణ చెప్పులు వేసుకుని ఒక్కతే బయలుదేరింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది చిట్టెమ్మ. ప్రాణానికి భయం లేదన్నారట, మాట మాత్రం ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారట. సువర్ణ ఆమె పక్కన కూర్చుని, చెంచాల దగ్గర నుంచి హ్యాండ్‌బ్యాగులో అట్ట దాకా మొత్తం చెప్పేసింది. తిడుతుందనుకుంది. కొట్టినా పడదామనుకుంది.

చిట్టెమ్మ తిట్టలేదు. స్ట్రెచరు ఒకటి వాళ్ళ ముందు నుంచి వెళ్ళింది. ఎవరో ఇడ్లీ పొట్లం విప్పుకుని తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

"మా ఆయన ఏమన్నాడో తెలుసా వదినా," అంది చివరికి. "బిళ్ళలు మానొద్దని నేను పోరుపెట్టాను. దైవాధీనం బావ కాస్త గొప్పలు పోతాడుగాని, సువర్ణ లేచి నిలబడింది చూశావా, ఆవిడ అబద్ధం చెప్పదు అన్నాడు. నీ మాట నమ్మి మానేశాడు."

సువర్ణ తల వంచుకోలేదు. ఆ మాట తనకి తగలాల్సిందే అన్నట్టు సూటిగా చూస్తూ కూర్చుంది.

"రేపు సభ ఎన్నింటికి?" అడిగింది చిట్టెమ్మ.

"పదింటికి."

"మా సుప్రియ సాయంత్రానికి వస్తోంది. వాళ్ళ నాన్న దగ్గర అది ఉంటుంది. నేను నీతో వస్తాను."

*

ఆదివారం పొద్దున నూట అరవై ఎనిమిది.

కృపాకుమారి మిషను ఆయన వైపు తిప్పి పట్టుకుంది. సువర్ణ ఒక సాసరులో బిళ్ళ పెట్టి, పక్కన మంచినీళ్ళు పెట్టింది. ఈసారి దాచలేదు, పొడి చెయ్యలేదు.

"మీరు ఓడిపోయారు. బిళ్ళ వేసుకోండి."

దైవాధీనం పట్టీ తనే ఊడదీసి మంచం మీద పడేశాడు. మిషన్లు పెట్టి దేవుణ్ణి కొలిచేవాళ్ళతో తనకి పందెం లేదన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. సాసరు వైపు చూడకుండా వెళ్ళి చర్చి వ్యానులో కూర్చున్నాడు. భార్యకి ఒంట్లో బాగాలేదని డ్రైవరుతో చెప్పడం సువర్ణకి వినిపించింది.

చిట్టెమ్మ వచ్చాక ముగ్గురు ఆడవాళ్ళూ బస్టాండుకి నడిచారు. ఆదివారం కావడంతో చల్లపల్లి నుంచి బస్సు నిండా మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళేవాళ్ళే. పాల క్యాన్లు, పూల బుట్టలు, ఒళ్ళో పిల్లలు. చిట్టెమ్మ కిటికీ పక్క సీట్లో కూర్చుని, ఇంతకీ ఆ దుంప విషమా అని కృపాకుమారిని అడిగింది. మొదటిరోజు ఎర్రగా మూత్రం పడిందని సాల్మన్ రాజు హడలిపోతే, లోపలి చెడు రక్తం పోతోందని మాస్టారు ధైర్యం చెప్పాడట.

"చెడు రక్తం కాదు పిన్నీ, దుంప రంగు. అంతే," అంది కృపాకుమారి. బీట్‌రూట్ మంచిదే. రక్తనాళాలు కాస్త వదులవుతాయి, పీచు ఉంటుంది, నీరసం ఉన్నవాళ్ళకి బలం. కూర చేసుకుని వారానికి రెండుసార్లు తింటే ఎవరూ వద్దనరు. రాళ్ళ జబ్బు ఉంటే వద్దు, కిడ్నీలు పాడైతే అసలే వద్దు, షుగరు ఉన్నవాళ్ళు గ్లాసులకి గ్లాసులు రసం పట్టించకూడదు. "అది కూరగాయ. దాన్ని మందు చేసింది మనమే."

చిట్టెమ్మ తల తిప్పి పొలాల వైపు చూసింది. మోపిదేవిలో గుడి జనం దిగిపోయాక బస్సు ముందుకు సాగింది.

సభ జరిగే ఊరి బయట కోసిన పొలంలో షామియానా వేశారు. కుర్చీలన్నీ నిండిపోయి జనం గట్ల మీద కూడా కూర్చున్నారు. వాళ్ళు చేరేసరికి మైకులో దైవాధీనం గొంతు మోగుతోంది. గ్రౌండు అవతలి చివరికి వినపడే గొంతు అది. పద్నాలుగు నెలలు, ఒక్క బిళ్ళ లేదు, ఒక్క డాక్టరు లేడు అంటున్నాడు. నుదుటి మీద పట్టీ గురించి ఒక్క మాట కూడా లేదు. ముందు వరసలో ఇద్దరు ముసలివాళ్ళు చీటీ మీద రసం కొలతలు రాసుకుంటున్నారు.

పాస్టరుగారు లేచి, ఇంటి మనిషి ఎవరైనా వచ్చారా అని అడిగారు. డెబ్భై దాటిన మనిషి, పలచగా, మెత్తగా మాట్లాడతారు.

దైవాధీనం తల అడ్డంగా ఊపాడు. "మా ఆవిడకి ఒంట్లో బాగాలేదండీ. రాలేదు."

"వచ్చాను," అంది సువర్ణ.

చివరి వరస నుంచి వేదిక దాకా ఆమె నిదానంగా నడిచింది. ఐదొందల తలలూ ఆమెతో పాటు తిరిగాయి. మెట్లెక్కి మొగుడి చేతిలోని మైకు పట్టుకుంది. ఆయన వదల్లేదు. ఆమె లాగలేదు. అలా ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్న మైకులోనే మాట్లాడింది.

"ఈయనకి రోజూ బిళ్ళ పడింది. రసంలో కలిపింది నేను. మూడు రోజుల నుంచి కలపడం మానేస్తే ఇవాళ పొద్దున బీపీ నూట అరవై ఎనిమిది. పోయినేడు గుడివాడలో నేను లేచి చెప్పింది అబద్ధం. ఆ అబద్ధం నమ్మిన మనిషి నిన్నటి నుంచి ఆసుపత్రిలో మాట లేకుండా పడి ఉన్నాడు. ఆయన భార్య అదిగో, అక్కడ నిలబడి ఉంది."

"ఈవిడకి మతి చలించింది," అన్నాడు దైవాధీనం. మైకులో ఆ మాట వణికింది. ముందు వరసలో ఎవరో దిగిపొమ్మని సువర్ణ మీద కేకేశారు. ఇంకెవరో సైతాను పని అన్నారు. క్వయర్ పాటగాళ్ళలో ఒకతను పాట ఎత్తుకోబోయాడు.

సువర్ణ వాళ్ళ వైపు చూడలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు పసిపిల్లల గోల అణిచిన గొంతు ఒకటి ఆమెకి ఉంది. అది బయటికి తీసింది.

"సాక్ష్యం విని బిళ్ళలు మానేసినవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ కదల్లేదు.

"మీ కోసం అడగడం లేదు. మీ ఇంట్లోవాళ్ళ కోసం అడుగుతున్నాను."

ఆడవాళ్ళ వైపు ఒక చెయ్యి లేచింది. ఆమె తన పక్కనున్న అత్తగారి చెయ్యి కూడా పట్టుకుని పైకెత్తింది. గట్టు మీద కూర్చున్న ఒక రైతు ఎత్తాడు. కొలతలు రాసుకుంటున్న ముసలివాళ్ళలో ఒకాయన కలం పట్టుకున్న చెయ్యే ఎత్తాడు. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి లేస్తూనే ఉన్నాయి. కృపాకుమారి పరుగున వెళ్ళి మొదటి చెయ్యి దగ్గర బీపీ మిషను సంచీ విప్పింది.

వెనక ఏదో అలికిడైతే సువర్ణ తల తిప్పింది.

పాస్టరుగారు కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండో చెయ్యి పైకెత్తి ఉంది.

"ఆర్నెల్లయింది తల్లీ," అన్నారాయన మైకు లేకుండా.

జనంలో ఎవరూ దిగిపొమ్మనలేదు ఇక. అందరూ వేదిక మీద చెయ్యెత్తకుండా మిగిలిన మనిషి వైపు చూస్తున్నారు. దైవాధీనం మైకు వదిలేశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పాదాలు దగ్గరగా చేర్చి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది. కణత దగ్గర నరం ఒకటి పొంగి కొట్టుకుంటోంది.

"చెయ్యి ఎత్తండి," అంది సువర్ణ, మైకు పక్కకి తిప్పి, ఆయనకి మాత్రమే వినపడేలా.

"ఎత్తను."

ఆమె మైకు దించలేదు. ఆయన వేదిక దిగలేదు.